లక్నవరం ఎందుకు పోలేదు, రామప్పలో అంతసేపు ఎందుకున్నాం

ప్రియమైన తల్లిదండ్రులకు నమస్కారం.

ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని రామప్ప గుడికి తీసుకెళ్లి వచ్చినప్పటి నుంచి వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే చర్చ. "అంత దూరం పోయి లక్నవరం చెరువు చూపించలేదట", "ఒక్క బొమ్మ ముందే కూర్చోబెట్టారట", "పరీక్షల ముందు ఇదేం పని" అని. గేటు దగ్గర కూడా కొందరు ఆపి అడిగారు. మేం పంపిన సర్క్యులర్‌లో లక్నవరం పేరు లేదు. పిల్లల్ని ఒక్క శిల్పం ముందు చాలాసేపు కూర్చోబెట్టిన మాట నిజమే. కావాలనే కూర్చోబెట్టాం.

మిగతా సంగతులు ముందు చెప్పేస్తాను. మూడో టర్మ్ ఫీజు సంక్రాంతి సెలవుల లోపే కట్టండి, పొద్దున మంచు ఉంటోంది కాబట్టి బస్సులు కాస్త ఆలస్యం కావచ్చు, స్వెటర్ల మీద పేర్లు కుట్టించండి.

ఇక రామప్ప. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిందని, గోపురం ఇటుకలు నీళ్ల మీద తేలతాయని మన పిల్లలు గడగడా చెప్తారు. అవన్నీ పుస్తకంలోనే ఉన్నాయి. గుడి చుట్టూ ఒక రౌండు వేసి, సెల్ఫీలు దిగి బస్సెక్కితే వాళ్లు కళ్లతో చూసిందేమిటి? అందుకే చూరు కింద ఏటవాలుగా నిలిచిన నల్లరాతి మదనికల్లో, అంటే ఆడవాళ్ల శిల్పాల్లో, ఎత్తు చెప్పులు వేసుకున్న ఆమె ముందు అందర్నీ కూర్చోబెట్టి, మా సోషల్ టీచర్ మూడే ప్రశ్నలు అడిగారు. ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనబడుతోంది?

ఒక బాబు "రాణి, మేడమ్" అన్నాడు. ఏం చూసి అన్నావంటే నగలు చూపించాడు. వెనక నుంచి ఒక పాప లేచి, "రాణి అయితే గుళ్లె చెప్పులేసుకుంటదా? ఈమె బయట తిరిగేటామె" అంది. ఇంకొకడు, "బొమ్మ గూడ బయటి దిక్కే ఉన్నది గదా" అని ఆమెకు తోడొచ్చాడు. టీచర్ తప్పనీ ఒప్పనీ అనలేదు. వాళ్ల మాటనే ఇంకోసారి చెప్పి, ఎక్కడ కనబడిందో చూపించమన్నారు, అంతే. పక్కవాడి మాట పూర్తిగా వింటేనే దానికి జవాబు చెప్పగలం. మన పిల్లలు ఆ రోజు విన్నారు.

ఈ పద్ధతిని అమెరికాలో అబిగైల్ హౌసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం విద్యా విభాగంలో పనిచేసిన ఫిలిప్ యెనవైన్ కలిసి తయారుచేశారు. మీలో చాలామందికి పిల్లలు నీట్ రాసి కాకతీయ మెడికల్ కాలేజీలో చేరాలని కోరిక కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి. యేల్ యూనివర్సిటీలో చర్మవ్యాధుల డాక్టర్ ఇర్విన్ బ్రేవర్‌మన్ తన మెడికల్ విద్యార్థుల్ని ఆర్ట్ మ్యూజియానికి తీసుకెళ్లి, ఒక్కొక్కరిని ఒక్కో పెయింటింగ్ ముందు నిలబెట్టి, కనబడిందంతా చెప్పమనేవారు. ఆ తర్వాత రోగుల ఫొటోలు ఇస్తే, ఆ విద్యార్థులు మిగతావాళ్ల కంటే ఎక్కువ లక్షణాలు గమనించారని 2001లో అక్కడి ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. ఫిలడెల్ఫియాలో 36 మంది మొదటి సంవత్సరం వైద్య విద్యార్థుల్లో సగం మందికి గంటన్నర చొప్పున ఆరు మ్యూజియం క్లాసులు పెట్టి చూస్తే, 2017లో అక్కడా అలాంటి ఫలితమే. రోగి గది లోపలికి రాగానే నడక, గోళ్లు, కళ్ల కింద వాపు చూసే డాక్టర్ కావాలంటే చూడటం ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోవాలి కదా. పన్నెండేళ్లకే మొదలుపెడితే నష్టమేముంది? ఇది చదువు కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

పిల్లల గురించి చెప్పకుండా ఉండలేను. గుడి పీఠం చుట్టూ ఉన్న ఏనుగుల వరుసలో తొండాలు ఒక్క తీరుగా లేవని ఏడో తరగతి పాప ఒకతి తనంతట తనే కనిపెట్టి, తిరిగొచ్చేటప్పుడు బస్సులో నోట్‌బుక్‌లో బొమ్మలు వేసి చూపించింది. క్లాసులో హాజరు తప్ప నోరు విప్పని ఎనిమిదో తరగతి బాబు లేచి నిలబడి, "నాకట్ల అనిపిస్తలేదు మేడమ్, ఎందుకంటే" అని మొదలుపెట్టి కారణం చెప్పేదాకా కూర్చోలేదు. ఆ "ఎందుకంటే" కోసం మా టీచర్లు ఎన్ని నెలలుగా ఎదురుచూస్తున్నారో! సోమవారం మందారం పువ్వు పాఠంలో ఒక బాబు రికార్డులో "ఒక రేకు అంచు పురుగు తిన్నది" అని కూడా రాశాడు. సైన్స్ సార్ ఆ పేజీ స్టాఫ్ రూమంతా తిప్పారు.

ఇంట్లో మీరు పడే కష్టం మాకు తెలుసు, మీ ప్రేమకు వంక పెట్టను. కానీ దయచేసి అన్నం తినేటప్పుడు పిల్లల చేతికి ఫోన్ ఇవ్వకండి. పళ్లెంలో ఏముందో చూడని బిడ్డ బోర్డు మీద ఏముందో చూస్తుందా? ప్రాజెక్టులు జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్లు తీయించి అతికించి పంపకండి. ఎవరు చేశారో మాకు తెలిసిపోతుంది. బిడ్డ మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకండి. ఫోటోలు చూపించి "ఏమేం చూసినవ్?" అని అడిగిన తల్లులు, వాళ్లు జవాబు చెప్పేలోపే "సరే సరే, హోంవర్క్ చెయ్" అన్నారని పిల్లలే నాకు చెప్పారు.

వచ్చే నెల ఆరో తరగతిని వేయిస్తంభాల గుడికి తీసుకెళ్తాం. అక్కడా ఇలాగే ఒకేచోట కూర్చుంటాం, వంతులవారీగా పిల్లలే మాట్లాడతారు. పెన్సిల్, తెల్ల కాగితాలు, నీళ్ల బాటిల్ చాలు. శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో మొదటి అయిదు నిమిషాలు మీ బిడ్డే మాట్లాడుతుంది, తను వేసిన బొమ్మ చూపించి. ఆ అయిదు నిమిషాలు మీరిద్దరూ వినండి. మార్కుల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు