నిలబడితే వణికే కారు, పిలిస్తే పలకని కంపెనీ

విజయవాడ,
2025 సెప్టెంబర్ 22.

కస్టమర్ సేవా విభాగం ప్రధానాధికారి గారికి,

విషయం: ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, ఇంజిన్ వణుకుతోందని జూన్ నుంచి నేను చేసిన ఫిర్యాదులను పరిష్కరించకుండానే మూసివేయడం గురించి.

అయ్యా,

నా సమస్య పరిష్కారమైనందుకు సంతోషిస్తున్నామని, మీ సేవలకు పదికి ఎన్ని మార్కులు వేస్తానో తెలపమని ఈ నెల 18న మీ సంస్థ నుంచి నాకు సందేశం వచ్చింది. అది వచ్చే సమయానికి నేను బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర, పరిష్కారమైందని మీరు సెలవిచ్చిన ఆ కారులోనే, స్టీరింగుతో పాటు వణుకుతూ కూర్చుని ఉన్నాను. ఫోనులో వేయడానికి తగిన అంకె దొరకనందువల్ల ఈ లేఖ రాస్తున్నాను.

మా కారు నడుస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆపితే మాత్రం సీట్లు, అద్దాలు, డ్యాష్‌బోర్డు అన్నీ అదురుతాయి. ఈ రెండు వాక్యాలను జూన్ 9న మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద దగ్గరుండి రాయించాను. సర్వీస్ అడ్వైజర్ బండిని రామవరప్పాడు దాకా తోలుకెళ్లి వచ్చి, "వెన్నలా పోతోంది సార్" అన్నాడు. పోతున్నప్పుడు కాదు బాబూ, ఆగి ఉన్నప్పుడు చూడమని చెబితే, ఇంజిన్ ఆపేసి, బానెట్ మీద చెయ్యి వేసి చూశాడు. ఆపేసిన ఇంజిన్ వణకలేదు. జాబ్ కార్డు మీద "లోపమేమీ కనబడలేదు" అని రాసి పంపించారు.

రెండోసారి వెళ్తే మరొక అడ్వైజర్, ఇది మూడు సిలిండర్ల ఇంజిన్ కనుక ఆ మాత్రం వణుకు సహజమని బోధించాడు. మూడు సిలిండర్ల ఇంజిన్‌కు కొంత అదురు ఉంటుందని నాకూ తెలుసు. కానీ 2021లో కొన్ననాడూ దీనికి సిలిండర్లు మూడే కదా, అప్పటినుంచి మొన్న మే నెల దాకా ఈ వణుకు ఎక్కడ దాక్కుందని అడిగితే, ఆయనకు ఏదో ఫోను వచ్చింది. మూడోసారి నెపం పెట్రోలు మీదకు వెళ్లింది, బంకు మార్చమన్నారు, మార్చాను. నాలుగోసారి ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు పోయిందని మార్చి రూ.3,850 కట్టించుకున్నారు. ఆ సాయంత్రం సర్వీస్ సెంటర్ గేటు దాటకముందే, సెక్యూరిటీ అతను రసీదు చూస్తున్న ఆ అరనిమిషంలోనే, బండి మళ్లీ వణికింది.

ఇక మీ హెల్ప్‌లైన్. తెలుగు కోసం రెండు నొక్కమన్నారు, నొక్కాను, హిందీలో పలికారు. చేసిన ప్రతిసారీ కొత్త గొంతు, మొదటినుంచి కథ, చివర "48 గంటల్లో మా వాళ్లు మిమ్మల్ని సంప్రదిస్తారు" అన్న హామీ. ఎవరూ సంప్రదించలేదు, కానీ ఫిర్యాదు మాత్రం ఠంచనుగా మూడో రోజున మూతబడేది. అలా నాలుగుసార్లు మూసివేశారు. నేను 31 ఏళ్లు ప్రభుత్వ ఖజానా శాఖలో దస్త్రాలు తిప్పినవాణ్ణి. ఒక మనిషిని కదలకుండా కూర్చోబెట్టి తిప్పడంలో మీ వాళ్లు మమ్మల్ని ఎప్పుడో మించిపోయారని ఒప్పుకుంటున్నాను.

విసిగిపోయి ఆగస్టులో బండిని ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ చేసిన మొదటి పని, ఏసీ వేసి, ఇంజిన్‌ను నడుస్తూ ఉండనిచ్చి, నా పక్క సీటులో అయిదు నిమిషాలు ఊరకే కూర్చోవడం. మీ వాళ్లెవరూ అన్ని వారాల్లో ఆ పని చేయలేదు. తర్వాత స్కానర్ పెట్టాడు. హెచ్చరిక లైటు వెలిగేంతగా ముదరలేదు కానీ, రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా అంటుకోకపోవడం, అవుతున్నట్టు కోడ్ నమోదై ఉంది. రెండో సిలిండర్‌లో ప్లగ్గుకు నిప్పురవ్వ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది తీసి రెండోదానికి పెట్టి మళ్లీ నడిపాడు. ఈసారి మిస్‌ఫైర్ మూడో సిలిండర్‌కు మారింది. కాయిల్ వెంటే జబ్బు నడిచింది కనుక దోషం ప్లగ్గుది కాదు, ఇంజెక్టర్‌ది కాదు, కాయిల్‌దేనని తేల్చి, వారంటీ ఉన్న బండి కాబట్టి కంపెనీ చేతనే మార్పించుకోండి అని కాయిళ్లను యథాస్థానాల్లో బిగించి పంపించాడు. అరగంట పట్టింది. ఛాయ్ కూడా ఆయనే ఇప్పించాడు.

ఈ వివరమంతా కాగితం మీద రాసి తీసుకెళ్తే, బయటి రిపోర్టులు అంగీకరించబోమని, పైగా బయటివాళ్లు చెయ్యి పెట్టినందువల్ల వారంటీ చెల్లకపోవచ్చని మీ మేనేజర్ అన్నారు. ఆయన ఆ కాగితాన్ని చదవలేదు. మడత విప్పకుండానే నాకు తిరిగి ఇచ్చారు. కారు వణుకును నాలుగు నెలలు ఓర్చుకున్నాను కానీ, ఆ మడత విప్పకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోతున్నాను.

ఇది మీ సంస్థలో నేను కొన్న మూడో కారు. మొదటిది 1999లో, ఇంట్లో ఎవరికీ డ్రైవింగు రాని రోజుల్లో కొన్నాను. నా మాట మీద మా బావమరిది కొన్నాడు, మా పెద్దల్లుడు కొన్నాడు, ఆఫీసులో కనీసం ముగ్గురు కొన్నారు. అందుకు నేను మిమ్మల్ని కమీషన్ అడగలేదు. ఇప్పుడు ఫోను ఎత్తమని అడుగుతున్నాను.

మొన్న శనివారం నా సొంత డబ్బు రూ.2,640తో ఆటోనగర్‌లోనే కాయిల్ మార్పించాను. వణుకు పోయింది. పొడిగించిన వారంటీకి నా దగ్గర విడిగా డబ్బు తీసుకున్నారు కాబట్టి ఆ ఖర్చును, అక్కరలేని మౌంటింగ్‌కు కట్టించుకున్న సొమ్మును తిరిగి చెల్లించవలసిన బాధ్యత మీదే. అయితే నాకు ముఖ్యంగా కావలసింది, నా నాలుగు ఫిర్యాదులను ఎవరు, ఏమి చూసి మూసివేశారో తెలిపే జవాబు. అది కూడా పేరూ హోదా ఉన్న ఒక మనిషి సంతకంతో. "ప్రియమైన కస్టమర్" అని మొదలయ్యే సందేశాన్ని జవాబుగా పరిగణించను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో అది రాకపోతే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయడంతో ఆగకుండా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. పదవీ విరమణ చేసినవాణ్ణి, వాయిదాలకు తిరగడానికి నాకు తీరిక ఉంది. జాబ్ కార్డులు, రసీదులు, నా ఫోను నుంచి వెళ్లిన 23 కాల్స్ వివరాలు ప్రతులుగా జతపరిచాను. స్కానర్ వివరాలున్న కాగితాన్ని కూడా మడత పెట్టకుండా పైనే ఉంచాను.

ఇట్లు,
మీ మూడు కార్ల పాత ఖాతాదారుడు