ముద్ద దిగకపోవడం వేరు, పొలమారడం వేరు

బ్రాడీపేట, గుంటూరు
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ శీనూ,

అత్తయ్య మెడ ఆపరేషన్ గురించి నీ మెసేజి చూశాను. "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు, చేతి తిమ్మిరి కూడా తగ్గింది, మరి అన్నం ఎందుకు దిగట్లేదు?" అని అడిగావు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుంది. పైగా వంట చేసేది చెల్లాయి, తనకీ తెలియాలి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. చదివాక కాగితం ఫ్రిజ్ మీద అంటించమను.

డిశ్చార్జి కాగితంలో సీ5–సీ6, సీ6–సీ7 అని ఉందన్నావు కదా, అంటే మెడలో అయిదు, ఆరు, ఏడో పూసల మధ్య ఉండే మెత్తటి దిండ్లు, డిస్కులు. ఆ పూసల దగ్గరికి సర్జన్లు మెడ ముందు నుంచే వెళ్తారు. అమెరికాలో స్మిత్, రాబిన్సన్, క్లోవార్డ్ 1950ల్లో వేసిన దారి అది. గొంతు పక్కన చిన్న కోత పెట్టి, పెద్ద రక్తనాళాన్ని ఒక పక్కకి, శ్వాసనాళాన్నీ అన్నవాహికనీ ఇంకో పక్కకి జరిపి, ఆ సందులోంచి డిస్కు తీసి, దాని చోట కేజ్ అనే చిన్న చట్రం పెట్టి, చాలాసార్లు ప్లేటూ స్క్రూలూ బిగిస్తారు. అన్నవాహిక పూసల ముందే, వాటిని ఆనుకుని ఉండే మెత్తటి గొట్టం. ఆపరేషన్ సాగినంతసేపూ దాన్ని పక్కకి లాగి పట్టి ఉంచితే వాచకుండా ఎలా ఉంటుంది? మత్తు కోసం గొంతులో వేసిన ట్యూబు ఒరిపిడి దీనికి తోడు. ఆ వాపు రెండో మూడో రోజుకి ముదిరి, తర్వాత మెల్లగా దిగుతుంది. ఆపరేషన్ మర్నాడు ఇడ్లీ తిన్న అత్తయ్య మూడో రోజు మింగలేకపోవడం అందుకే. అక్కడేదో పాడైపోయిందని అనుకోకండి.

ఇది అరుదైన సంగతి కూడా కాదు. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఇలా ముందు నుంచి మెడ ఆపరేషన్ అయినవాళ్ళలో నెల తర్వాత సుమారు సగం మందికి మింగడంలో ఏదో ఒక ఇబ్బంది ఉంది. ఏడాది గడిచేసరికి అది ఎనిమిది మందిలో ఒకరికి తగ్గింది. ఆడవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి, ఒకటికి మించి డిస్కులు చేయించుకున్నవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. ఆ మూడూ అత్తయ్యకి ఉన్నాయి. కాబట్టి కంగారు పడొద్దు, అలాగని వదిలేయనూ వద్దు.

ఇప్పుడు రాసేది జాగ్రత్తగా చదువు. నువ్వు ఒకే బాధ అనుకుంటున్నది నిజానికి రెండు. మాత్ర, ముద్ద గొంతులో అడ్డం పడ్డట్టుండటం ఒకటి. చారు పోస్తే దగ్గు రావడం, అంటే పొలమారడం రెండోది. మొదటిది దారి ఇరుకైతే వచ్చేది. రెండోది తిండి దారి తప్పి ఊపిరి గొట్టం వైపు పోతే వచ్చేది. గుటక వేసినప్పుడు నాలుక మొదట్లో ఉన్న చిన్న మూత శ్వాసనాళం మీదికి వాలాలి. వెనక గోడ ఉబ్బి ముందుకొస్తే దానికి వాలడానికి చోటు చాలదు. నీళ్ళు అది వాలేలోపే జారిపోతాయి. గట్టి ముద్దయితే కొంత నాలుక వెనక గుంటలోనే మిగిలి, గుటక అయ్యాక మెల్లగా కిందికి జారుతుంది. ముద్ద అడ్డం పడితే పల్చగా చేసిపెట్టాలి అనిపిస్తుంది. పొలమారేవాళ్ళకి అదే ముప్పు. మన ఇళ్ళల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తి మీద తట్టి, వెంటనే గ్లాసుతో నీళ్ళు అందిస్తాం. అత్తయ్య విషయంలో ఆ రెండూ మానేయండి. కొత్తగా బిగించిన మెడ మీద తట్టకూడదు. దగ్గుతున్న మనిషికి నీళ్ళిస్తే అవీ అదే దారిన పోతాయి. దగ్గనివ్వండి, దగ్గే ఆవిడకి కాపలా. దగ్గు ఆగాక ఒక వట్టి గుటక వేయించి, "ఆ..." అని పలకమనండి. గొంతులో నీళ్ళు గుడగుడలాడినట్టు తడిగా వినిపిస్తే ఇంకా లోపల మిగిలి ఉన్నట్టే. మళ్ళీ దగ్గించి, మింగించండి. ఒకవేళ అడ్డం పడి మాటా ఊపిరీ రెండూ ఆగిపోతే మాత్రం మెడ సంగతి తర్వాత, ఊపిరి ముందు. వెనక నుంచి పొట్ట చుట్టూ చేతులు వేసి, బొడ్డుకి పైన పిడికిలితో లోపలికీ పైకీ గట్టిగా నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి.

ఇంకో అలవాటు ఉంది. మనవాళ్ళు గ్లాసు పెదవికి తగలకుండా, తల వెనక్కి వంచి నీళ్ళు ఎత్తి పోసుకుంటారు. ఇప్పుడది అసలు కూడదు. తల వెనక్కి వంచితే శ్వాసనాళం నోరు తెరుచుకుంటుంది, పైగా మెడ వంచొద్దని సర్జనే చెప్పి ఉంటారు. సన్నటి పొడుగు గ్లాసులో అడుగున ఉన్న నీళ్ళు తాగాలన్నా తల వెనక్కి పోతుంది. వెడల్పు మూతి కప్పు వాడండి, లేదంటే చెంచాతో పట్టండి. మంచం మీద దిండ్లకి చేరబడి తినడమూ వద్దు. కుర్చీలో నడుము వెనక్కి ఆనించి, నిటారుగా, పాదాలు నేలకి ఆనేలా కూర్చోవాలి. తిన్నాక అరగంట అలాగే ఉండాలి. మెడ కాలర్ ఉంటే అది గడ్డాన్ని పైకి నెట్టి గుటకని ఇంకా కష్టం చేస్తుంది. తినేటప్పుడు ముందు భాగం కాస్త వదులు చేయొచ్చేమో సర్జన్‌ని అడుగు, మీ అంతట మీరు తీయొద్దు.

ఇక వంటింటి సంగతి. చెల్లాయి మెత్తటివే పెడుతున్నానంది, నిజమే. కానీ అందులో చారన్నం ఉంది, పల్చటి మజ్జిగ పోసిన పెరుగన్నం ఉంది, సాంబారులో తేలే ఇడ్లీ ఉంది. మెతుకూ నీళ్ళూ కలిసిన తిండి మింగడానికి చాలా కష్టం. మెతుకు నములుతుండగానే నీళ్ళు ముందే జారిపోతాయి. చారన్నం రోగి తిండి అని మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. జ్వరానికి సరే, దీనికి కాదు.

చిక్కదనం చేతి అంచనాతో తేలదు, కొలవాలి. మందుల షాపులో సూది లేకుండా 10 మి.లీ. సిరంజి తీసుకో. సున్నా గీత నుంచి పది గీత దాకా స్కేలుతో కొలిస్తే 61.5 మి.మీ. ఉండాలి, లేకపోతే కొలత తప్పుతుంది. లోపలి తోపుడు కడ్డీ తీసేసి, కింద వేలితో మూసి, పదో గీత దాకా జావ పోయి. వేలు తీసి పది సెకన్లు లెక్కపెట్టి మళ్ళీ మూసెయ్. ఒక మి.లీ. కూడా మిగలకపోతే అది నీళ్ళతో సమానం. 1 నుంచి 4 మిగిలితే కొంచెం చిక్కన, 4 నుంచి 8 అయితే ఒక మాదిరి చిక్కన, 8 దాటితే బాగా చిక్కన. మింగడం కష్టమైనవాళ్ళ తిండికి చాలా దేశాల్లో వాడే ఐడీడీఎస్ఐ అనే కొలత ఇది. ఆవిడకి ఏ మెట్టు సరిపోతుందో మింగడం చూసే స్పీచ్ థెరపిస్టు చెప్పాలి. అందాకా ఏ చిక్కదనంలో దగ్గు రావట్లేదో రాసుకోండి, రివ్యూలో అది పనికొస్తుంది.

రాగిజావ గ్లాసుకి ఒక పెద్ద చెంచా పిండితో మొదలుపెట్టి, ఉండలు లేకుండా కాచి, వడకట్టండి. పొయ్యి మీద పల్చగా ఉన్న జావ చల్లారేసరికి గడ్డకడుతుంది, అందుకని తాగించే వేడిలోనే సిరంజితో చూడాలి. షాపులో దొరికే చిక్కబరిచే పొడుల్లో జాంథాన్ గమ్‌తో చేసినవి మేలు. పిండి పదార్థంతో చేసినవి నోట్లో ఉమ్మి తగలగానే మళ్ళీ పల్చనైపోతాయి. ఐస్‌క్రీము చల్లగా గొంతుకి హాయిగా ఉంటుంది నిజమే, కానీ నోట్లో కరిగాక అది పాలూ నీళ్ళే. ముద్ద ఆగడం మాత్రమే ఉన్నవాళ్ళకి పర్వాలేదు, పొలమారేవాళ్ళకి వద్దు.

అన్నం పెట్టాలంటే నీళ్ళు ఎక్కువ పోసి మెత్తగా ఉడికించి, పొడిపొడిగా గానీ జిగటగా గానీ లేకుండా ముద్దపప్పూ నెయ్యీ కలిపి మెదపండి. చెంచా పక్కకి వంచితే చెదరకుండా మొత్తం ఒకేసారి జారి పడాలి, చెంచాకి అంటుకోకూడదు. అలా దిగుతుంటే నాలుగైదు రోజులాగి, ఫోర్కు పళ్ళ సందులో పట్టేంత, అంటే 4 మి.మీ. పలుకులకి వెళ్ళండి. ఆ తర్వాత ఒకటిన్నర సెంటీమీటరు ముక్కలు. ముక్క మెత్తబడిందో లేదో తెలియాలంటే బొటనవేలి గోరు తెల్లబడేంత నొక్కి చూడండి, చితికిపోవాలి. గడ్డపెరుగు, మిక్సీ పట్టి వడకట్టిన బంగినపల్లి గుజ్జు, బాగా మెదిపిన ఉడికించిన గుడ్డు, నూరిన పనీరు మంచివి. రసాలు మామిడిపళ్ళలో పీచు ఉంటుంది, వడకట్టకుండా ఇవ్వొద్దు. చపాతీ, ఉప్మా, అటుకులు, మరమరాలు, జంతికలు, అరటిపండు ముక్కలు, సగ్గుబియ్యం ప్రస్తుతం పక్కన పెట్టండి. గోంగూర పచ్చడీ ఆవకాయా కూడా వద్దు. గుంటూరులో ఉండి ఈ మాట రాయడం నాకూ బాధే. కానీ పీచూ కారమూ వాచిన గొంతుని మండిస్తాయి, పుల్లటి త్రేన్పులొస్తే ఆ వాపు ఇంకా ఆలస్యంగా దిగుతుంది.

చెంచాకి సగమే తీసుకోవాలి. ఒక్కో ముద్దకి రెండు గుటకలు, రెండోది వట్టిది, గట్టిగా. టీవీ కట్టేయండి, తినేటప్పుడు పలకరించకండి. అరగంట దాటితే గొంతు కండరాలు అలిసిపోయి పొలమారడం మొదలవుతుంది. మూడు పూటల తిండిని ఆరుగా పంచండి. చిక్కటివి తాగేవాళ్ళు తెలియకుండానే తక్కువ తాగుతారు, మీ బెజవాడ ఎండల్లో అది ప్రమాదం. గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే అన్నీ కలిపి రోజుకి లీటరున్నర తగ్గకుండా చూడండి. మూత్రం ముదురు పసుపైతే చాలట్లేదన్నమాట. వారానికోసారి అదే కాటా మీద బరువు చూడండి. అరవై కిలోల మనిషి నెలలో మూడు కిలోలు తగ్గితే డాక్టరుకి చెప్పాల్సిందే, ఎముక అతుక్కోవడానికి మాంసకృత్తులు కావాలి. రెండు పూటలా పళ్ళు తోమించడం మరవొద్దు. నోట్లో క్రిములు ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు.

మాత్రలు. అన్నీ రోట్లో దంచి ఇస్తున్నామన్నావు, ఈ రోజే ఆపెయ్. షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ పేరు పక్కన ఎస్సార్ అని ఉంటే అది మెల్లగా కరిగేలా చేసిన మాత్ర. దంచితే మందంతా ఒక్కసారే దిగి షుగరు అదుపు తప్పుతుంది. గ్యాస్ మాత్ర పాంటాప్రజోల్ పై పూత పోతే కడుపులోని ఆమ్లానికే పాడైపోతుంది. నరాలకి ఇచ్చిన ప్రెగాబలిన్ క్యాప్సూల్ కూడా విప్పకు, ముందు అడుగు. చీటీ మొత్తం ఫార్మసిస్టుకి చూపించి దేనికి సిరప్ ఉంది, ఏది నీళ్ళలో కరిగేది, ఏది దంచకూడదు అని గుర్తులు పెట్టించు. మింగాల్సిన మాత్రని నీళ్ళతో కాకుండా ఒక చెంచా గడ్డపెరుగులో పెట్టి ఇవ్వండి.

యూట్యూబులో చూశానన్న వ్యాయామం, పడుకుని తల మాత్రం పైకెత్తేది, వద్దే వద్దు. పక్షవాతం వచ్చినవాళ్ళకి ఇచ్చేది అది, కొత్తగా బిగించిన మెడకి కాదు. గడ్డం గుండెకి ఆనించి మింగమనడం, తల పక్కకి తిప్పి మింగమనడం కూడా సర్జన్ ఒప్పుకుంటేనే. నాలుకని అంగిలికి గట్టిగా ఒత్తి వట్టి గుటక వేయడం ఒక్కటి పర్వాలేదు, నొప్పి లేకపోతే పదేసి సార్లు, రోజుకి మూడు పూటలు.

గొంతు బొంగురు పోయిందన్నావు. ట్యూబు వల్ల అయితే కొద్ది రోజుల్లో సర్దుకోవాలి. మాటలో గాలి పోతూ, దగ్గులో బలం లేకుండా, పొలమారడం కూడా ఉంటే స్వరపేటికకి వెళ్ళే నరం ఒత్తుకుని ఉండొచ్చు. చాలామందికి వారాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది, కానీ ఈఎన్‌టీ డాక్టరు కెమెరాతో స్వరతంత్రులు చూడాలి. కొందరికి గొంతు లోపల స్పర్శ తగ్గి, దారి తప్పినా దగ్గు రాదు. అందుకే దగ్గట్లేదు కాబట్టి బాగుంది అనుకోకండి. తిన్నాక తడి గొంతు, సాయంత్రానికి జ్వరం, ఆయాసం చూసుకోవాలి. అనుమానముంటే బేరియం కలిపిన తిండి మింగిస్తూ వీడియో ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి మింగడం చూస్తారు. ప్లేటు, స్క్రూ కదిలిందేమో మామూలు పక్క ఎక్స్‌రేలోనే చాలావరకు కనిపిస్తుంది.

ఆగకుండా వెంటనే తీసుకెళ్ళాల్సినవి ఇవి: మెడ ఉబ్బుతూ ఊపిరి ఆడకపోవడం, సొంత ఉమ్మి కూడా మింగలేక కార్చుకోవడం, జ్వరంతో పాటు మెడ నొప్పి పెరగడం, కోత దగ్గర చీము గానీ తిన్నది గానీ ఊరడం, మెడ చర్మం నొక్కితే కరకరలాడటం. చివరి మూడూ అన్నవాహికకి చిల్లు పడ్డ గుర్తులు కావచ్చు. చాలా అరుదు, కానీ వస్తే నోటి ద్వారా చుక్క కూడా ఇవ్వకుండా ఎమర్జెన్సీకి పరిగెత్తాలి. ఆటోలో ఇరుక్కుని కుదుపులతో తీసుకెళ్ళకండి, 108 పిలవండి.

మొన్నటికంటే ఈరోజు కాస్త నయం అనిపిస్తే దారిలోనే ఉన్నట్టు. మూడు వారాలైనా ఇసుమంత మార్పు లేకపోయినా, నయమైనట్టే అయి మళ్ళీ పెరిగినా, మూడు నెలలకీ గట్టి తిండి దిగకపోయినా పరీక్షలు అడుగు.

శుక్రవారం రివ్యూకి సూర్యారావుపేట వెళ్తున్నారుగా. ఈ నాలుగు రోజులూ ఏం తిన్నారు, ఏ చిక్కదనం, ఎన్నిసార్లు పొలమారింది, ఎంతసేపు పట్టింది, బరువెంత అని ఒక కాగితం మీద రాసి పట్టుకెళ్ళు. మింగడం చూసే స్పీచ్ థెరపిస్టు దగ్గరికి చీటీ రాయించుకో, అడక్కపోతే చాలాచోట్ల రాయరు. సిరంజి కొన్నాక రేపు రాత్రి జావ ఎన్ని మి.లీ. మిగిలిందో నాకు మెసేజి పెట్టు, సర్దుకుందాం. అత్తయ్యకి నా నమస్కారాలు చెప్పు.

నీ
మురళి