అమ్మ ముక్కు ఆపరేషన్: ఆగమన్న డాక్టరమ్మకూ, మిగతా అందరికీ కృతజ్ఞతలు

అమ్మకి చివరి ఆపరేషన్ కుట్లు కూడా తీసేశారు. మనిషి కులాసాగా ఉంది, నిన్న చారులో ఉప్పు ఎక్కువైందని నాన్న మీద అరిచింది కూడా. ఫోన్లు చేసి కనుక్కున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం: అమ్మకి ఎడమ ముక్కుపుటం మీద నల్లమచ్చ ఉండేది. చూడ్డానికి పుట్టుమచ్చే. పోనుపోను మధ్యలో గుంటపడి, అంచు మెరుస్తూ, చెక్కు కట్టి, మొహం కడిగితే రక్తం వచ్చేది. టౌన్లో ఒక క్లినిక్‌లో పులిపిరి అని కరెంటుతో కాల్చి పంపారు, తీసిన ముక్కని పరీక్షకు పంపలేదు. ఏడాది తిరిగేసరికి ఆ మచ్చ అంచునే మళ్లీ లేచింది. వాట్సాప్‌లో ఫోటో చూసి "ఆయింట్‌మెంట్లు రాయను, ముందు బయాప్సీ చేయించరా" అని పట్టుబట్టిన డాక్టరన్నయ్యకి (మా పెద్దమ్మగారి అబ్బాయి) మొదటి దండం. బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది, అంటే ఒక రకం చర్మ క్యాన్సర్.

క్యాన్సర్ అనగానే ఇంట్లో ఏడుపులు. ఓపీ బయట అంత జనం ఉన్నా, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ తొందరపడకుండా విడమరిచి చెప్పారు. ఈ రకం వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు, కానీ వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తినుకుంటూ పోతుంది. ఒంటి మీద చిన్నదైతే గీకి కాల్చడమో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో సరిపోవచ్చు. కానీ వాటిలో అంచుల్లో ఏమైనా మిగిలిందో లేదో చూసే వీలుండదు. ముఖం మీద, అందులోనూ ఒకసారి కాల్చాక తిరిగొచ్చినదానికి అవి వద్దన్నారు. 2 సెం.మీ. లోపు, ప్రమాదం తక్కువున్న వాటికైతే చుట్టూ 4 మి.మీ. మంచి చర్మం కలిపి కోస్తారు. అమ్మది ఆ లెక్కలోకి రాదు. రేడియేషన్‌ అయితే, ఆపరేషన్ తట్టుకోలేని వాళ్లకి ఉంచుతామన్నారు. మోహ్స్ సర్జరీ అని ఇంకోటి ఉంది. ఒక్కో పొర తీయడం, రోగి అక్కడే ఉండగా అంచులన్నీ మైక్రోస్కోపులో చూడడం, మిగిలినచోట మాత్రమే మళ్లీ తీయడం. మన దేశంలో అది చేసేచోట్లు కొద్దే. "మనం అదే పని నిదానంగా చేద్దాం" అన్నారావిడ. అంటే కోసేసి, కట్టు కట్టి, రిపోర్టు శుభ్రంగా వచ్చాకే ముక్కుని పూడ్చడం.

ఆ ఆగడమే కష్టమైంది. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ "కన్నం పెట్టి అలా వదిలేశారేంటి" అనేవాళ్లు. తీరా రిపోర్టులో పై అంచున ఇంకా ఉందని వచ్చింది! మొదటిరోజే చర్మం కప్పేసి ఉంటే దాని కిందే పెరుగుతూ ఉండేది. మళ్లీ కొంత తీశారు, ఈసారి అన్ని అంచులూ శుభ్రం. ఏ వైపు ఏదో తెలియడానికి ముక్కకి ఒక పక్క దారం కుట్టి పంపుతారట. ఆ దారాన్ని బట్టి ఎక్కడ మిగిలిందో సరిగ్గా రాసిన పెథాలజిస్టు (ముక్కని మైక్రోస్కోపులో పరీక్షించే డాక్టరు) ఎవరో మాకు తెలీదు, మొహం కూడా చూడలేదు. నన్నడిగితే ఈ దండాల్లో సగం వాళ్లకే.

తర్వాత నుదుటి చర్మంతో ముక్కు కట్టారు. "బొట్టు పెట్టుకునే చోటు పోతుందామ్మా?" అని అడిగింది అమ్మ. డాక్టరమ్మ నవ్వలేదు. కుట్టుదారం ప్యాకెట్ రేకుని ముక్కు మీది కన్నానికి సరిపడా కత్తిరించి, నుదుటి మీద మధ్యగీతకి కాస్త పక్కగా పెట్టి, పెన్నుతో గీసి అద్దం చూపించారు. కనుబొమ్మ దగ్గరి రక్తనాళం తెగకుండా ఆ చర్మాన్ని తిప్పి ముక్కుకి కుడతారు. కొత్తచోట రక్తం అందడానికి దాదాపు మూడు వారాలు అలాగే ఉంచి, అప్పుడు నుదుటికీ ముక్కుకీ మధ్య కలిపి ఉంచిన కాడ కోస్తారు. ఇది మన దేశపు పద్ధతేనట. కవాస్‌జీ అనే ఎడ్లబండి తోలేవాడికి పుణె వైపు ఇలా ముక్కు కట్టిన సంగతి 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా పడింది, యూరప్ వాళ్లు ఆ తర్వాతే నేర్చుకున్నారు. అమ్మకి ఈ కథ ఎంత నచ్చిందంటే, ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అదే చెబుతోంది.

ఆ మూడు వారాలూ కాడ అడ్డం కాబట్టి కళ్లజోడు పెట్టుకోడానికి లేదు. మనవరాలి మెసేజీలు రోజూ అమ్మకి చదివి వినిపించిన నైట్ డ్యూటీ సిస్టర్‌కి ఏమిచ్చి రుణం తీర్చుకోగలం? కాగితాల కోసం మమ్మల్ని కిటికీలు తిప్పకుండా తనే దగ్గరుండి అప్రూవల్ తెప్పించిన ఆరోగ్యమిత్ర తమ్ముడికీ, మేము ఆసుపత్రిలో ఉంటే మా మిర్చి కోతలు ఆగకుండా చూసిన పక్కింటి బాబాయి, పిన్నిలకీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇకపై చెకప్‌లకి తిప్పాలి, ఎండలోకెళ్తే అంచు టోపీ తప్పనిసరి (ఒప్పించే బాధ్యత నాన్నది). మన వైపు ఎవరికైనా మొహం మీద నెల దాటినా మానని పుండు ఉంటే ఇన్‌బాక్స్‌లో అడగండి. ఏ ఓపీకి వెళ్లాలో, ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చెబుతాను. ఈలోగా ఎవరైనా కాలుస్తామంటే, ముక్క పరీక్షకు పంపుతారా లేదా అని ముందే అడగండి.