పార్కు బండల పని: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం. వీధిదీపాలు, కాలువల పూడికతీత ఎప్పటిలాగే జరిగాయి. లెక్కలు జమాఖర్చుల పట్టీలో ఉన్నాయి. ఎక్కువ చర్చ పార్కు బండల మీదే నడిచింది కాబట్టి వాటి గురించే వివరంగా రాస్తున్నాం.

పార్కు గేటు దగ్గరి వంకర పైపుల సందు బర్రెలను, బైకులను ఆపడానికి పెట్టింది. వీల్‌చైర్‌ను, చంటిపిల్లల బండినీ ఆపుతోంది. ఎవర్నీ రావద్దని బోర్డు లేదు, ఆ మాట పైపులే చెబుతున్నాయి. అది కళ్లకు కట్టాలని వేపచెట్టు కింద ఆరు నాపబండలు నిలబెట్టించి, మధ్యన 300, 450, 600, 750, 900 మి.మీ. సందులు వదిలించాం. ఏ సందులోంచి ఎవరు దూరగలరో పక్క బండ మీద చెక్కించాం.

బండలు దారికి అడ్డంగా కాక పక్కన ఉన్నాయి. అడ్డంగా పెడితే గొడవే: న్యూయార్క్ ఫెడరల్ ప్లాజాలో 1981లో శిల్పి రిచర్డ్ సెర్రా నిలబెట్టిన 120 అడుగుల ఉక్కు గోడ 'టిల్టెడ్ ఆర్క్'ను, రోజూ చుట్టూ తిరిగి పోవాల్సి వస్తోందన్న గొడవల తర్వాత 1989లో తీసేశారు.

ఈ నాపబండలు కడప రాయివి. అది పొరలు పొరలుగా ఉండే సున్నపురాయి. హ్యామర్ డ్రిల్లు పెడితే పొర లేస్తుంది. అక్షరాలు లోతుగా చెక్కినా అంతే. అందుకే 3 మి.మీ. దాటనివ్వలేదు. గాట్లలో తెల్ల సిమెంటు నింపాం. పాలిష్ ముఖం మీద అది పట్టదు, గరుకు వైపే రాయించాలి. ఆరడుగుల బండలో రెండడుగులు భూమిలోకి దించి, 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీటు పోసి, ఆ కాంక్రీటు పైభాగం బయటికి వాలుగా తీయించాం. బండ మొదలు దగ్గర నీళ్లు నిలిస్తే పొరల్లోకి ఎక్కుతాయి. చెట్టునీడ దేనికంటే, ఎండాకాలం మధ్యాహ్నం నల్లబండ మీద చెయ్యి ఆనదు.

బండలు తేల్చిన సంగతి ఒకటే. వీల్‌చైర్ సుమారు 650–700 మి.మీ., బైకు హ్యాండిల్ 700–800 మి.మీ. రెండూ దాదాపు ఒకటే కాబట్టి సందు వెడల్పుతో ఒకదాన్ని ఆపి రెండోదాన్ని రానివ్వడం కుదరదు. తేడా పొడవులో ఉంది: వీల్‌చైర్ 1,200 మి.మీ. లోపే, బైకు దాదాపు 2,000. కాబట్టి పైపులు తీసేసి, 900 మి.మీ. దారి పెట్టి, లోపల 1,500 మి.మీ. చదరపు జాగాలో ఒక మలుపు తిప్పాలని ప్రతిపాదన. వీల్‌చైర్ తిరుగుతుంది, బైకు ఇరుక్కుంటుంది. పంతం పట్టి వెనక చక్రం ఎత్తి తిప్పేవాళ్లకు మందు లేదు. వీధికుక్కలను ఏ సందూ ఆపదు.

గేటు ముందు మెట్టు అరడుగు ఉంది. 1:12 వాలుకు (అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు) ఆరడుగుల ర్యాంపు పడుతుంది, మన దగ్గర అంత చోటుంది. రెండు పనులకూ అంచనా వేయించి సర్వసభ్య సమావేశంలో తీర్మానానికి పెడతాం.