వెదురు పుచ్చిపోకముందే ఉత్తర్వు ఇప్పించండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ శాఖ మంత్రి గారికి,

తూర్పు కనుమల్లోని ఒక ఏజెన్సీ గ్రామ సభ అటవీ హక్కుల కమిటీ సభ్యుడిగా నమస్కరించి రాస్తున్నాను. మా అడవి వెదురును అమ్ముకోవడానికి గ్రామ సభ రాసే రవాణా పర్మిట్ చెల్లనివ్వాలని, కోతకు కొన్ని పనిముట్లు ఇప్పించాలని మా గ్రామ సభ తీర్మానించి పంపిన అర్జీలకు లిఖితపూర్వకంగా ఇంతవరకు ఒక్క జవాబూ రాలేదు. "ఫైలు పైన ఉంది" అన్న మాట తప్ప మాకు మరేమీ దక్కలేదు కనుక, నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది.

మాకు అనుమతి ఇస్తే అడవి పాడవుతుందని కార్యాలయాల్లో అంటున్నారు. దయచేసి మేము సాధనపు వెదురును ఎలా తీస్తామో ఒకసారి వచ్చి చూడండి. వానాకాలంలో కొమ్ములు, అంటే కొత్త మొలకలు, లేచే వేళ పొద జోలికే పోము. రెండేళ్లు నిండని బొంగును ముట్టము, లేతవాటికి ఊతంగా పొదకు కనీసం ఎనిమిది ముదురు బొంగులు నిలుపుతాము. కొత్త కొమ్ములు వెలుపలి అంచున వస్తాయి కాబట్టి, ఒక పక్క నుంచి లోపలికి దారి చేసుకుని నడిమి ముదురు బొంగులను తీస్తాము. కత్తితో ఏటవాలుగా నరికితే మోడు చీలుతుంది, కణుపు పైన మిగిలిన దొప్పలో నీరు నిలిచి దుంప కుళ్లుతుంది. అదే సన్నని పళ్ల చేతిరంపంతో నేలకు జానెడు ఎత్తులో, కణుపును ఆనుకుని కోస్తే ఆ బెడద ఉండదు. అందుకే మేము అడిగినవి పెద్ద యంత్రాలు కావు. ఇలాంటి రంపాలు, పురుగు పట్టకుండా బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో బొంగులు నానబెట్టడానికి ఒక తొట్టి, అంతే.

అవి కూడా తర్వాతి మాట. మమ్మల్ని ముంచుతున్నది రవాణా పర్మిట్. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును అడవిబిడ్డలు సేకరించి అమ్ముకోగల చిన్నతరహా అటవీ ఫలసాయంలో చేర్చింది, 2012లో సవరించిన నియమాలు పర్మిట్ ఇచ్చే అధికారాన్ని గ్రామ సభ కమిటీకి అప్పగించాయి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని మేంఢా లేఖా గ్రామ సభకు అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ 2011లోనే స్వయంగా వెళ్లి పర్మిట్ పుస్తకం అందించారు. మా కమిటీ రాసిన పర్మిట్‌ను మాత్రం చెక్‌పోస్టులో కాగితంగానైనా చూడరు. శాఖ ముద్ర లేనిదే లారీ కదలదు, లారీ కదలదని తెలిసి వ్యాపారి రాడు. అడవి బయట పెంచిన వెదురుకు పర్మిట్ అవసరమయ్యే 'చెట్టు' అన్న భారత అటవీ చట్టపు నిర్వచనం నుంచి 2017లోనే విముక్తి దొరికింది. అడవిలో మేము కాపాడుకున్న వెదురుకు ఇంకా దొరకలేదు.

ఈలోగా బాట పక్కన పేర్చిన కట్టలకు పుచ్చు పురుగు పడుతుంది. బొంగులోని పిండి పదార్థమే దాని తిండి. పైకి పచ్చగా, నిక్షేపంగా కనిపించే బొంగును ఎత్తితే సూది బెజ్జాల్లోంచి తెల్లటి పొడి భుజం మీద రాలుతుంది. తడకకూ నిచ్చెనకూ పనికిరాని ఆ సరుకును చివరికి వంటచెరకు ధరకు ఇచ్చుకున్నాము. కొండ దిగువకు భుజాల మీద మోసిన ఆడవాళ్లకు కూలి ఎక్కడి నుంచి తెచ్చి ఇవ్వమంటారు? వెదురు అమ్మిన సొమ్ములోనే పొదలకు మట్టి ఎగదోయాలి, ఎండాకాలం నిప్పు రాకుండా ఎండుటాకులు ఊడ్చి గీతలు చెయ్యాలి. అడవి బాగుకు డబ్బు రావలసిన దారే మూసుకుపోయింది.

అయ్యా, గ్రామ సభ పర్మిట్ చెల్లుతుందని చెక్‌పోస్టులన్నింటికీ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇప్పించండి. తొట్టి, రంపాల సంగతి కూడా చూడండి. దసరా తర్వాత కోత మొదలవుతుంది. ఆ ఉత్తర్వు అంతకుముందే మా చేతికి రావాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

ఇట్లు,
గ్రామ సభ అటవీ హక్కుల కమిటీ సభ్యుడు