డ్యుయాథ్లాన్ తేలేది చివరి పరుగులోనే

సంపాదకులకు నమస్కారం.

చలికాలం రాగానే హైదరాబాద్‌లోనూ విశాఖలోనూ మారథాన్‌లతో పాటు డ్యుయాథ్లాన్ (పరుగు, సైకిలు, మళ్లీ పరుగు) పోటీల వార్తలు పత్రికల్లో కనిపిస్తాయి. తేదీ, రుసుము, జెండా ఊపబోయే అతిథి పేరు ఉంటాయి. పోటీ అయ్యాక గెలిచినవారి ఫొటో ఉంటుంది. నడుమ ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ రాయరు. పరిగెత్తడం వచ్చు, సైకిలు తొక్కడం వచ్చు, రెండూ కలిపితే అయిపోతుందనుకొని చాలామంది పేరిచ్చేస్తున్నారు. ఎండెక్కేసరికి రెండో పరుగులో కాళ్లీడ్చుకుంటూ నడిచేవారిలో ఎక్కువమంది వీళ్లే. ఈతకు భద్రమైన నీళ్లు లేని ఊళ్లలో ఈత కూడా ఉండే ట్రయాథ్లాన్ నడపలేం. డ్యుయాథ్లాన్‌కైతే ఒక సైకిలు, ఒక జత బూట్లు, బండ్లు ఆపిన ఒక రోడ్డు చాలు. ఏ జిల్లా పట్టణమైనా నడపగల ఆట ఇది. కాబట్టి దిగేవారికీ నడిపేవారికీ పనికొచ్చే నాలుగు సంగతులు రాస్తున్నాను.

స్టాండర్డ్ డ్యుయాథ్లాన్ అంటే సంప్రదాయంగా 10 కి.మీ. పరుగు, 40 కి.మీ. సైకిలు, 5 కి.మీ. పరుగు. స్ప్రింట్ అయితే 5, 20, 2.5. స్విట్జర్లాండ్‌లోని జోఫింగెన్‌లో 1989 నుంచి నడుస్తున్న పవర్‌మ్యాన్ పోటీకి 10, 150, 30 కి.మీ. పెట్టి పేరు తెచ్చుకున్నారు. మొదటిసారి దిగేవారికి స్ప్రింట్ చాలు. 10 కి.మీ. పరుగు అలవాటున్నవారు కూడా అక్కడే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఇక్కడ దూరం కష్టం కాదు, మార్పు కష్టం.

మొదటి పరుగే అసలు ఉచ్చు. కాళ్లు తాజాగా ఉంటాయి, చల్లగా ఉంటుంది, చుట్టూ వందమంది ఒక్కసారిగా దూసుకెళ్తారు. మొదటి కిలోమీటరు తమ మామూలు వేగం కంటే 20, 30 సెకన్లు ముందే పూర్తవుతుంది, ఆ క్షణంలో అది సులువుగానే అనిపిస్తుంది. కానీ వేగం పెరిగేకొద్దీ శరీరం కొవ్వును తక్కువగా, కండరాల్లో దాచుకున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థాన్ని ఎక్కువగా కరిగిస్తుంది. ఆ నిల్వకు హద్దుంది. అక్కడ ఖర్చు చేసింది సైకిలు మీద తిరిగి రాదు, చివరి 5 కి.మీ.లో లేదని తెలుస్తుంది. విడిగా 10 కి.మీ.ను 55 నిమిషాల్లో, అంటే కిలోమీటరు 5 నిమిషాల 30 సెకన్లలో పరిగెత్తేవారు స్టాండర్డ్ పోటీ మొదటి పరుగును 5:45 దగ్గర పట్టి ఉంచాలి. మొదటి రెండు కిలోమీటర్లు 5:50 అయినా నష్టం లేదు. పక్కవాడితో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు. మూడు మాటలకే ఊపిరి తెగితే అప్పుడే తగ్గించాలి. గడియారంలో గుండె వేగం చూసుకునేవారికి ఒక హెచ్చరిక: ఉక్కపోతలో అదే వేగానికి గుండె వేగం నిమిషనిమిషానికీ పెరుగుతూ పోతుంది. చలి రోజు అంకెలను ఎండ రోజుకు వాడకూడదు.

సైకిలు మీద పెద్ద గేరు వేసి బలంగా తొక్కడం మనవాళ్లకు బాగా అలవాటు. దాని బాకీ తొడలు తీర్చాలి. నిమిషానికి 85 నుంచి 95 తిప్పులు ఉండేలా గేరు చూసుకోవాలి. ముందు 50 పళ్లు, వెనక 17 పళ్ల గేరులో 90 తిప్పులు తిప్పితే గంటకు దాదాపు 33 కి.మీ. వేగం వస్తుంది. అంత అందనివారు వెనక 19కో 21కో దిగాలి గానీ తిప్పుల సంఖ్య తగ్గించకూడదు. విశాఖ బీచ్ రోడ్డు లాంటి చోట ఎదురుగాలి కొట్టేటప్పుడు మీటరులో వేగం చూస్తే మనసు ఆగదు, కాళ్లు మాడిపోతాయి. అక్కడ శ్రమను చూసుకోవాలి, వేగాన్ని కాదు. చివరి కిలోమీటరులో ఇంకో గేరు తేలిక చేసి తిప్పులు పెంచితే కాళ్లు పరుగుకు సిద్ధమవుతాయి.

సైకిలు దిగగానే కాళ్లు మనవి కానట్టు ఎందుకుంటాయి? తొక్కేంతసేపూ తుంటి వంగే ఉంటుంది, కాలు పూర్తిగా వెనక్కి చాచుకోదు. పైగా తొక్కడంలో తొడ ముందు కండరం కుంచించుకుంటూ మాత్రమే పనిచేస్తుంది. పరుగులో పాదం నేల తాకిన ప్రతిసారీ అదే కండరం సాగుతూ బరువును ఆపాలి. ఈ పని మార్పు కుదురుకోవడానికి అలవాటు లేనివారికి ఒకటి రెండు కిలోమీటర్లు పడుతుంది, అంటే స్ప్రింట్ పోటీలో రెండో పరుగు చాలావరకు అందులోనే పోతుంది. దీనికి మందు ఒక్కటే: సైకిలు దిగిన ఐదు నిమిషాల్లోపే పరిగెత్తే సాధన. ఆటగాళ్లు దీన్ని బ్రిక్ అంటారు. పోటీకి ఎనిమిది వారాల ముందు నుంచి వారానికి ఒకసారి 20 కి.మీ. తొక్కి 10 నిమిషాలు పరిగెత్తడంతో మొదలుపెట్టి, ఆ పరుగును మెల్లగా 20, 25 నిమిషాలకు పెంచాలి. చివరి మూడు వారాల్లో 2 కి.మీ. పరుగు, 8 కి.మీ. సైకిలు, 1 కి.మీ. పరుగు అనే ముక్కను ఆగకుండా రెండుసార్లు చేస్తే పోటీ లయ పట్టుబడుతుంది. పోటీలో దిగిన మొదటి కిలోమీటరులో అడుగు చిన్నదిగా, తొందరగా పడాలి. పొడుగు అడుగు వేయబోతే పిక్క పట్టేస్తుంది.

ట్రాన్సిషన్, అంటే పరుగు నుంచి సైకిలుకు, సైకిలు నుంచి పరుగుకు మారే సమయం కూడా గడియారంలో నడుస్తూనే ఉంటుంది. నిబంధన స్పష్టంగా ఉంది: సైకిలును ముట్టుకునే ముందు హెల్మెట్ పెట్టి బకిల్ బిగించాలి, తిరిగి సైకిలును ర్యాక్‌లో పెట్టాకే విప్పాలి. పరుగు హడావుడిలో సైకిలు తీసేసి తర్వాత బకిల్ వెతుక్కునేవారికి పెనాల్టీ పడుతుంది. హెల్మెట్‌ను హ్యాండిల్ మీద తలకిందులుగా, పట్టీలు రెండు పక్కలకూ తెరిచి పెట్టుకుంటే ఈ బాధ ఉండదు. ఎక్కేచోట గీసిన గీత దాటాకే సైకిలు ఎక్కాలి, తిరిగొచ్చేటప్పుడు దిగేచోటి గీతకు ముందే దిగాలి. దిగబోయే చోటికి ముందే తేలిక గేరు వేసుకుని, వేగం తగ్గించుకుని రావాలి. బిబ్ నంబరును ఎలాస్టిక్ బెల్టుకు తగిలించుకుంటే సైకిలు మీద వెనక్కి, పరుగులో ముందుకు తిప్పుకోవచ్చు. పెడల్‌కు బిగుసుకునే క్లిప్ బూట్లు లేనివారు చిన్నబోనక్కర్లేదు. స్ప్రింట్ దూరానికి పరుగు బూట్లతోనే, మామూలు పెడల్‌కు పంజరం లాంటి టో కేజ్ తగిలించి తొక్కితే రెండుసార్లు బూట్లు మార్చే సమయం మిగులుతుంది. బూట్లను పెడల్‌కు రబ్బరు బ్యాండ్లతో కట్టి, కదిలే సైకిలు మీదికి ఎగిరి ఎక్కే విద్యను వీడియోల్లో చూసి పోటీ రోజున ప్రయత్నించడం మాత్రం మానుకోవాలి.

ఇక పంక్చర్లు. మన రోడ్ల అంచున పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు, గాజు పెంకులు ఉంటాయి. అంచుకు ఆనుకుని తొక్కేవారికే పంక్చర్లు ఎక్కువ. తెల్లగీతకు అడుగు లోపలగా తొక్కాలి. 70 కిలోల మనిషికి 25 మి.మీ. టైరులో 85 నుంచి 90 పీఎస్‌ఐ, 28 మి.మీ. టైరులో 70 నుంచి 80 పీఎస్‌ఐ గాలి చాలు. రాయిలా 120 కొట్టిస్తే వేగం పెరగదు, గరుకు రోడ్డు మీద టైరు ఎగిరి పట్టు తప్పుతుంది. మరీ తక్కువైతే గుంత అంచు తగలగానే రిమ్ ట్యూబును నొక్కి పక్కపక్కనే రెండు చీలికలు చేస్తుంది. ట్యూబులో రంధ్రం ఎక్కడుందో చూస్తే కారణం తెలుస్తుంది: బయటి వైపు ఒక్కటే ఉంటే ముల్లు, పక్కపక్కనే రెండుంటే గాలి తక్కువ, రిమ్ వైపు ఉంటే లోపలి టేపు జరిగింది. కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల వేళ్లతో జాగ్రత్తగా తడిమి చూడాలి. ఇరుక్కున్న ముల్లు తీయకుండా బిగించినవారు రెండో కిలోమీటరులో మళ్లీ ఆగుతారు. ఒక ట్యూబు, టైరు ఊడదీసే రెండు లివర్లు, చిన్న పంపు సీటు కింద సంచిలో పెట్టుకోవాలి. వెనక చక్రం విప్పి ట్యూబు మార్చడం ఇంటి దగ్గర నాలుగైదుసార్లు చేసి ఉంటే రోడ్డు మీద చేతులు వణకవు.

తాగేదీ తినేదీ కూడా ముందే తేల్చుకోవాలి. గంటన్నర దాటే పోటీలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, 400 నుంచి 800 మి.లీ. నీరు అవసరం. 750 మి.లీ. సీసాలో 40 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, కాస్త నిమ్మరసం కలిపితే సరిపోతుంది. ఒక అరటిపండు దాదాపు 25 గ్రాములు ఇస్తుంది. పల్లీపట్టీ మంచి తిండే, కానీ అందులో కొవ్వెక్కువ, పరుగులో కడుపులోనే ఉండిపోతుంది. దుకాణంలో ఓఆర్‌ఎస్ కొనేవారు ప్యాకెట్ వెనక చదవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. ఆ సూత్రానికి సరిపోని తీపి పానీయాలపై ఓఆర్‌ఎస్ అన్న పేరు ఉండకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. అందుకోసం ఏళ్ల తరబడి పోరాడిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ హైదరాబాద్‌వారే. అసలు ఓఆర్‌ఎస్‌లో శక్తి తక్కువ కాబట్టి తిండి విడిగా ఉండాలి. దాహం లేకున్నా ప్రతి నీళ్ల బల్ల దగ్గరా రెండేసి గ్లాసులు తాగడమూ ప్రమాదమే: రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతి, అయోమయం వస్తాయి.

నిర్వాహకులకు చెప్పవలసింది ఇంకా ముఖ్యం. ఎండ లెక్క థర్మామీటరు ఒక్కటే చెప్పదు. హైదరాబాద్‌లో 36 డిగ్రీలు, తేమ 30 శాతం ఉంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, దాదాపు 23. విశాఖలో 32 డిగ్రీలే అయినా తేమ 80 శాతం ఉంటే అది 29కి చేరుతుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఎండ తాకిడిని కొలిచే డబ్ల్యూబీజీటీ అనే సూచికలో ఈ వెట్ బల్బ్ అంకెకే 70 శాతం విలువ ఉంటుంది, ఎండలో నల్లగోళం చూపే వేడికి 20 శాతం, నీడలో గాలి వేడికి 10 శాతం. చేతిలో పట్టే మీటరుతో దీన్ని అరగంటకోసారి చూసి, దూరం తగ్గించాలా ఆపాలా అన్నది వైద్యుడు తేల్చాలి. ఆ అధికారం ఆయనకు ముందే రాతపూర్వకంగా ఇవ్వాలి. ఎవరైనా తూలుతూ, తికమకగా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ కనిపిస్తే అది వడదెబ్బే అనుకొని అంబులెన్సు కోసం చూడకుండా ముందు అక్కడికక్కడే ఐసు నీళ్ల తొట్టిలో మెడ దాకా దించి, తల పట్టుకుని ఉండాలి. అరగంటలోపు ఒంటి వేడి దిగకపోతే మెదడు, కాలేయం, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. ముగింపు గీత దగ్గర ఒక పెద్ద తొట్టి, రెండు వందల లీటర్ల నీళ్లు, నాలుగైదు బస్తాల ఐసు ఖర్చు అతిథి సన్మానం ఖర్చు కంటే తక్కువే.

రోడ్డు గురించి కూడా నిజాయితీగా ఆలోచించాలి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కి.మీ. సౌర పైకప్పు సైకిల్ ట్రాక్ సాధనకు బంగారం లాంటి చోటు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ వైపు ఒక ముక్క, నార్సింగి నుంచి కొల్లూరు వైపు ఇంకో ముక్క, వెడల్పు 4.5 మీటర్లు. ఆ వెడల్పులో ఎదురెదురు రాకపోకలు, ఒకరినొకరు దాటుకోవడం, పంక్చరై ఆగినవారు ఇమడరు. అక్కడ పోటీ పెట్టేటట్టయితే జట్లుజట్లుగా, నిమిషాల తేడాతో వదలాలి. డ్రాఫ్టింగ్ (ముందు సైకిలు వెనకే ఆనుకుని గాలి తప్పించుకుంటూ తొక్కడం) లేని పోటీలో ముందు సైకిలుతో సాధారణంగా 10 మీటర్ల ఎడం ఉండాలి, దాటబోయేవారు 20 సెకన్లలో దాటేయాలి. వందమందిని ఒకేసారి 5 కి.మీ. మలుపుల దారిలో తిప్పితే గుంపు కట్టిన చోట ఆ ఎడం దొరకడం కష్టం, తప్పు ఆటగాళ్లది కాదు. మలుపులో ఇసుక ఊడ్చారా, రంబుల్ స్ట్రిప్స్‌కు 50 మీటర్ల ముందు మనిషి నిలబడి అరుస్తున్నాడా, వీధికుక్కలు తిరిగే చోట కాపలా ఉందా అన్నవి మెడల్ బరువు కంటే ముందు చూడాలి.

పత్రికకు ఒక విన్నపం. ఇకపై పోటీ ప్రకటన వేసేటప్పుడు ఏ రోడ్డు ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా బండ్లకు మూసేస్తారు, సైకిలు దారి ఒక్కో చుట్టు ఎన్ని కిలోమీటర్లు, ఐసు తొట్టి ఉందా లేదా, వైద్యుడికి పోటీ ఆపే అధికారం ఇచ్చారా అన్న నాలుగు వివరాలు నిర్వాహకులను అడిగి అచ్చు వేయండి. చెప్పలేనివారి పోటీకి ఆ ఖాళీని అలాగే చూపించండి.

ఇట్లు,
ఒక ఔత్సాహిక డ్యుయాథ్లాన్ క్రీడాకారుడు, హైదరాబాద్