రెండో చీర నిజంగా ఉచితమేనా?

సంపాదకులకు నమస్కారం.

ఆషాఢం రాగానే మన పట్టణాల్లోని బట్టల దుకాణాలు 'ఒకటి కొంటే ఒకటి ఉచితం' అంటూ వీధుల నిండా ఫ్లెక్సీలు కడుతుంటాయి. పెళ్లిళ్లు లేక బేరాలు మందగించే నెలలో నిల్వ సరకు వదిలించుకోవాలనుకోవడం తప్పేమీ కాదు. కొత్తగా తెరిచిన హోటల్ తొలిరోజు రూపాయికే బిర్యానీ పెట్టినా, సబ్బుల కంపెనీ చిన్న ప్యాకెట్లు ఇంటింటికీ పంచినా ఆ ఖర్చు భరించేది వారే. చిక్కల్లా రెండో చీర ధరను మొదటి చీర మీదే వేసి, దానికి ఉచితమని పేరు పెట్టడంతోనే వస్తోంది.

వసూలు చేసే సొమ్ములోనే పూర్తిగానో కొంతగానో ఖర్చు రాబట్టుకుంటూ, వస్తువును ఉచితంగా ఇస్తున్నట్లు భ్రమ కల్పించడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా పరిగణిస్తుంది. ప్రకటనకు స్పందించడానికి, వస్తువును తెచ్చుకోవడానికి తప్పనిసరిగా అయ్యే ఖర్చు మినహా మరేదైనా చెల్లించవలసి వస్తే దానిని ఉచితమని ప్రకటించరాదని 2022 జూన్‌లో కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఇంత ఉన్నా, 'షరతులు వర్తిస్తాయి' అనే మాట మాత్రం భూతద్దంతో వెతుక్కోవలసినంత చిన్న అక్షరాల్లోనే కనిపిస్తోంది!

ఆఫర్‌కు ముందు నెలలో అదే వస్తువును ఎంతకు అమ్మారో ధర చీటీపై చూపాలని జిల్లా అధికారులు దుకాణాలను ఆదేశించాలి. మోసపోయామనుకున్నవారు బిల్లు దగ్గర ఉంచుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఆఫర్ల ప్రకటనలు వేసే పత్రికలు వాటి పక్కనే ఈ నంబరును కూడా ప్రచురించాలని మనవి.

– ఒక పాఠకుడు, తెనాలి